పాత సైకిలుకు అంత ధర ఎందుకు?

మీ ఇంట్లోనో పక్కింట్లోనో గోడకు ఆనించిన పాత సైకిలు ఒకటి ఉండే ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు. చైను తుప్పు పట్టి ఉంటుంది. సీటు మీద దుమ్ము. పాత ఇనుము కొనేవాడిని పిలిస్తే తూకం వేసి నాలుగైదు వందలు చేతిలో పెడతాడు. ఇచ్చేసి చేతులు దులుపుకుంటాం.

ఇప్పుడు మరో సైకిలు సంగతి చూడండి. అదీ పాతదే. 1970 ప్రాంతంలో ఇటలీలోని మిలాను నగరం దగ్గర తయారయిన పందెపు సైకిలు. బరువు పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. తూకం లెక్కన దానికి మీ ఇంటి సైకిలుకు వచ్చే డబ్బులో సగమే రావాలి. కాని ఐరోపాలో, అమెరికాలో, జపానులో రెండు వేల డాలర్లు ఇచ్చి కొనేవాళ్లున్నారు. మన డబ్బులో లక్షన్నర దాటిన మాట! పారిస్ పక్కన రెనే ఎర్స్ తన పనివాళ్లతో కలిసి ఒక్కొక్కటిగా చేసిన సైకిళ్లయితే అంతకు ఎన్నో రెట్లు పలుకుతాయి.

డబ్బున్నవాళ్ల పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనను. ఆ ధరలో కొంత భాగం న్యాయమైనదే. లెక్క వేసి చూపించగలిగినదే. మిగిలినది మాత్రం గాలి ధర. ఈ రెండింటినీ విడదీయడం ఎలాగో తెలియాలంటే ముందు ఒక ఉక్కు గొట్టం సంగతి తెలుసుకోవాలి.

సైకిలు ఫ్రేము అంటే కొన్ని ఉక్కు గొట్టాలను కలిపి అతికిన చట్రం. గొట్టం గోడ మందంగా ఉంటే బలం, బరువు రెండూ ఎక్కువ. పలచగా ఉంటే తేలిక, కాని తొందరగా వంగిపోతుంది. ఇక్కడ చాలామంది, మంచి ఉక్కు మామూలు ఉక్కు కంటె తేలికగా ఉంటుందనుకుంటారు. ఉండదు. ఏ రకం ఉక్కయినా ఘన సెంటీమీటరుకు ఇంచుమించు 7.85 గ్రాములే తూగుతుంది. స్థితిస్థాపకత కూడా దాదాపు ఒకటే. తేడా అంతా తట్టుకునే శక్తిలో ఉంది. మాంగనీసు, మాలిబ్డినం, క్రోమియం వంటి లోహాలను కొద్ది పాళ్లలో కలిపి చేసిన ఉక్కు శాశ్వతంగా వంగిపోకుండా, విరిగిపోకుండా చాలా ఎక్కువ బలాన్ని భరిస్తుంది. అందువల్ల గొట్టం గోడను పలచన చేసే ధైర్యం వస్తుంది. బరువు తగ్గేది అలాగన్న మాట.

ఎంత తగ్గుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి. మీటరు పొడవు గొట్టం, బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. గోడ మందం 1.2 మిల్లీమీటర్లయితే దాని బరువు సుమారు 810 గ్రాములు. మందం 0.6 మిల్లీమీటర్లయితే సుమారు 410 గ్రాములు. గొట్టం అడ్డుకోత వైశాల్యాన్ని పొడవుతో, సాంద్రతతో హెచ్చవేస్తే సరిపోతుంది. మీరే చేసి చూడండి. 0.6 మిల్లీమీటర్లంటే ఏపాటి? నాలుగైదు పోస్టుకార్డులు దొంతరగా పెట్టినంత కూడా ఉండదు. ఆ మందం మీద ఎనభై కిలోల మనిషి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతాడు!

అయితే గొట్టం మొత్తాన్నీ అంత పలచన చేయకూడదు. గొట్టాలు ఒకదానితో ఒకటి కలిసే చోట, అంటే చివరల్లో, ప్రతిబలం ఎక్కువ. అతికేటప్పుడు వేడి తగిలి ఉక్కు బలం తగ్గేదీ అక్కడే. నడుమ భాగానికి అంత కష్టం లేదు. కనుక చివరలు మందంగా, నడుమ పలచగా ఉండాలి. బయటినుంచి చూస్తే మాత్రం గొట్టం అంతటా ఒకే లావుండాలి. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో మేకులు తయారుచేసే ఒక కుటుంబం ఉండేది. ఆ ఇంటివాడే ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్. 1897లో ఇటువంటి గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు.

దాన్ని చేసే పద్ధతిలో ఒక చిక్కుముడి ఉంది. గొట్టంలో ఒక ఉక్కు కడ్డీ పెడతారు. ఆ కడ్డీ నడుమ కాస్త లావుగా, చివరలు కాస్త సన్నగా ఉంటాయి. అప్పుడు గొట్టాన్ని బిగుతైన అచ్చు రంధ్రం గుండా లాగితే అది లోపలి కడ్డీని కరుచుకుంటుంది. చివరల్లో గోడ మందంగా, నడుమ పలచగా తయారవుతుంది. బాగానే ఉంది. మరి కడ్డీ బయటకు రావడం ఎలా? లావైన నడుము సన్నని ద్వారం గుండా రాదు కదా! చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి.

గొట్టాన్ని ఏటవాలుగా అమర్చిన రోలర్ల మధ్య గిరగిర తిప్పుతూ నొక్కుతారు. చపాతీ కర్ర కింద పిండి వెడల్పయినట్లే గొట్టం గోడ చుట్టుకొలత వైపు రవంత సాగుతుంది. వ్యాసం వెంట్రుకవాసి పెరుగుతుంది. కడ్డీ వదులై బయటకు వస్తుంది. ఇంత పని ఒక గొట్టానికి! ఫ్రేములో ఇటువంటివి మూడు నాలుగైనా ఉంటాయి.

రెనాల్డ్స్ కంపెనీ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద సంస్థలో చేరింది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1935లో ఆ కంపెనీ మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ‘531’ ఉక్కు గొట్టాలను బజారులోకి తెచ్చింది. మిలానులో కొలంబస్ అనే సంస్థ క్రోమియం, మాలిబ్డినం కలిపిన గొట్టాలు చేసింది. వాటిలో పేరుపొందిన ‘ఎస్.ఎల్.’ రకం గొట్టాలకు చివరల్లో 0.9, నడుమ 0.6 మిల్లీమీటర్ల మందం. పాత పందెపు సైకిలు కొనేవాళ్లు ముందుగా వెదికేది ఈ రెండు పేర్ల కోసమే.

గొట్టం ఎంత మంచిదైనా అతికేవాడు చెడగొట్టగలడు. ఆ రోజుల్లో మేలురకం ఫ్రేములకు గొట్టాలను నేరుగా కరిగించి అతికేవారు కాదు. కలిసే చోట ‘లగ్గు’ అనే ఉక్కు తొడుగు పెట్టి, గొట్టాన్ని అందులో దూర్చి, వేడిచేసి, ఇత్తడినో వెండి మిశ్రమాన్నో కరిగించి పోసేవారు. ప్రమిదలో నూనె వత్తి వెంట పైకి పాకడం మీకు తెలుసు. కేశనాళికీయత అని పాఠంలో చదివే ఉంటారు. కరిగిన ఇత్తడి కూడా తొడుగుకూ గొట్టానికీ మధ్య ఉన్న సన్నని సందులోకి అలాగే పాకుతుంది. సందు వెడల్పయితే పాకదు. మురికి ఉంటే పట్టదు. ఇత్తడికి సుమారు 900 డిగ్రీల వేడి కావాలి. అంతకు బాగా మించితే పలచని గొట్టం ఉక్కు దెబ్బతింటుంది. దానికి థర్మామీటరు ఉండదు సుమా! ఉక్కు ఎరుపు రంగు చూసి కంటితోనే అంచనా వేయాలి. ఆ కన్ను ఏళ్ల తరబడి పనిలో ఆరితేరిన కన్ను.

తరువాత ఆ తొడుగుల అంచులను ఆకురాయితో గంటల తరబడి అరగదీసేవారు. చూడటానికి ఆకుల్లా, ఈటె మొనల్లా అందంగా ఉంటాయి. అందం ఒక్కటే కాదు, దాని వెనుక లెక్క ఉంది. మందమైన తొడుగు అంచు గభాలున ఆగిపోతే గొట్టం మీద ప్రతిబలం అంతా ఆ గీత దగ్గరే పోగవుతుంది. అంచును క్రమంగా పలచన చేస్తే భారం మెల్లగా సర్దుకుంటుంది. అటువంటి ఫ్రేములో మరో సుగుణం కూడా ఉంది. ప్రమాదంలో ఒక గొట్టం వంగితే కీళ్లను తిరిగి వేడిచేసి ఆ ఒక్క గొట్టాన్ని మార్చవచ్చు. నా లెక్కలో ధరలోని న్యాయమైన భాగానికి మూలం ఇదే. ఆ పని గొట్టంలో నేటికీ ఉంది. కొలిచి చూడవచ్చు.

దీనికి రుజువు కావాలా? ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీ ఒకే కాలంలో అమ్మిన రెండు సైకిళ్లను చూడండి. ఒకటి పి.ఎక్స్.10. రెండోది యు.ఓ.8. రెండింటికీ పది గేర్లు, వంచిన మేకకొమ్ముల వంటి హ్యాండిలు. దూరంనుంచి చూస్తే అన్నదమ్ములు. కాని మొదటిదాని గొట్టాలు రెనాల్డ్స్ 531వి, పెడలు క్రాంకులు అల్యూమినియంవి. రెండోదాని గొట్టాలు మామూలు ఉక్కువి. క్రాంకులూ ఉక్కే, మన సైకిళ్లకు ఉన్నట్లే కాటర్ పిన్నుతో బిగించినవి. వయసు ఒకటే, పేరు ఒకటే. అయినా నేడు మొదటిదానికి పలికే ధర రెండోదానికి ఎన్నో రెట్లు. ‘పాతది కనుక ఖరీదు’ అనేవారికి ఈ జంటే జవాబు. అమెరికాలో ష్విన్ కంపెనీవారి ‘వార్సిటీ’ సైకిలూ అంతే. 1960, 70 దశకాల్లో విపరీతంగా అమ్ముడుపోయింది. గట్టిది, బరువు పదిహేడు కిలోల పైమాటే. నేటికీ దొరుకుతుంది, చవకగానే దొరుకుతుంది.

ఫ్రేము ఒక్కటే చాలదు. పాత సైకిలు ధర పెంచే మరో పేరు కంపాన్యోలో. ఇటలీలోని విచెంజా పట్టణంలో 1933లో తుల్లియో కంపాన్యోలో పెట్టిన కంపెనీ అది. ఆయన స్వయంగా పందెగాడు. చక్రం విప్పాలంటే నట్లు తిప్పుతూ కూర్చోవలసిన కాలంలో, ఇరుసు బోలుగా చేసి దానిలో ఒక సన్నని కడ్డీ దూర్చి, కొసన ఒక మీట పెట్టాడు. మీట మడిస్తే చక్రం బిగుస్తుంది, తెరిస్తే వదులవుతుంది. స్పానరుతో పనిలేదు. ఇవాళ మీరు చూసే గేరు సైకిళ్లు చాలావాటికి ఆ మీట ఉంది. ఆయన కంపెనీ వస్తువుల్లో ఇంకో గుణం, పూర్తిగా విప్పి, శుభ్రంచేసి, అరిగిన చిన్న ముక్క ఒక్కటే మార్చి తిరిగి బిగించుకునే వీలు. అందుకే యాభై ఏళ్లనాటి గేరు ఇప్పటికీ టక్కున పడుతుంది.

పోనీ, ఆ పాత సైకిళ్లు ఇప్పటివాటికంటె మేలైనవా? అభిమానులకు కోపం రావచ్చు గాని, పందేనికి మేలైనవి కావు. ఇప్పటి పందెపు సైకిలు కార్బన్ నారతో చేసింది. అంతర్జాతీయ పందేల్లో 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం పెట్టవలసి వచ్చిందంటే అర్థం చేసుకోండి. బ్రేకులు బాగా పడతాయి. గేరు మార్చడానికి చెయ్యి హ్యాండిలు మీదనుంచి తీయనక్కరలేదు. అలాగని పాతవాటిని తీసిపారేయనూ కూడదు. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఎర్నెస్తో కొల్నాగో చేసి ఇచ్చిన ఆ ఉక్కు సైకిలు బరువు ఆరు కిలోలకు లోపే! తరువాత గాలిని చీల్చుకుపోయే వింత ఆకారాల సైకిళ్లు వచ్చి ఆ రికార్డును ఎక్కడికో తీసుకుపోయాయి. అప్పుడు సైక్లింగు సమాఖ్యవారు, మెర్క్స్ కాలపు తీరు సైకిలు మీదే పోటీ పడండి అన్నారు. 2000లో ఇంగ్లండు ఆటగాడు క్రిస్ బోర్డ్‌మన్ ఆ పనికి పూనుకున్నాడు. గంట తొక్కి ఎంత దూరం వెళ్లాడో తెలుసా? 49.441 కిలోమీటర్లు. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత పది మీటర్లు ఎక్కువ!

సరే, పనితనం సంగతి తేలింది. కాని పనితనం 1980లోనూ ఉంది, 1990లోనూ ఉంది. అప్పుడు వీటిని అడిగినవారు తక్కువ. ఇప్పుడెందుకు ఎగబడుతున్నారు? ఇక్కడ విజ్ఞానశాస్త్రం వదిలి బజారులోకి రావాలి.

ఇటలీలో గాయొలె అనే చిన్న ఊరుంది. అక్కడ 1997లో ‘ఎరోయికా’ అనే యాత్ర మొదలయింది. మొదటి ఏడు వందమంది కూడా రాలేదు. తరువాత వేలకొద్దీ రాసాగారు. ఆ తెల్లని కంకర బాటల మీద తొక్కాలంటే సైకిలు 1987కు ముందు కాలపుదై ఉండాలి. గేరు మీటలు ఫ్రేము గొట్టం మీదే ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు పట్టీ కిందనుంచి కాక బయట విల్లులా వంగి ఉండాలి. ఈ నియమం ఏం చేసిందో చూశారా? 1987కు ముందటి సైకిళ్లను ఇక ఎవరూ కొత్తగా తయారుచేయలేరు. ఉన్నవే ఉన్నవి. ఏటా కొన్ని విరిగిపోతాయి, కొన్ని తుప్పు పడతాయి. అడిగేవారు మాత్రం పెరుగుతూ పోయారు. చెరువులో నీరు తగ్గుతూ బిందెలు పెరిగితే ఏమవుతుందో అదే అయింది.

వయసు సంగతీ ఉంది. 1975లో పదిహేనేళ్ల కుర్రవాడు గోడమీద మెర్క్స్ బొమ్మ అంటించుకున్నాడు. నారింజ రంగు చొక్కా, నారింజ రంగు సైకిలు. కొనడానికి డబ్బు లేదు. అతనికి ఇప్పుడు అరవై దాటాయి, డబ్బుంది. ఆ నారింజ రంగుకు అతను ఎంత ఇస్తాడో చెప్పడానికి ఏ సూత్రమూ లేదు. ఆ తరం వెళ్లిపోయాక ఈ ధరలన్నీ ఇలాగే నిలుస్తాయని నేననుకోను.

ఇక్కడినుంచే గాలి ధర మొదలవుతుంది. కొందరు మామూలు ఫ్రేముకు కొత్త రంగు వేసి, కొల్నాగో అనో మరొకటనో స్టిక్కరు అంటించి అమ్ముతారు. రంగు చూసి మోసపోతారు గాని కొలత చూస్తే మోసపోరు. మీ బడి ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది కదా, అది చాలు. ఇటలీ, ఇంగ్లండు ఫ్రేముల్లో సీటు కింది గొట్టం బయటి వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు. పై కొసన గోడ 0.6 అయితే లోపలి వ్యాసం 27.4. దానిలో దూరే సీటు కడ్డీ 27.2 ఉంటుంది. గోడ 1.2 అయితే లోపలి వ్యాసం 26.2కు పడిపోతుంది. సీటు కడ్డీ 26 దగ్గర ఉంటే స్టిక్కరు ఏం చెప్పినా అనుమానించవలసిందే. ఫ్రెంచి గొట్టాల వ్యాసం 28 మిల్లీమీటర్లు కనుక వాటికి లెక్క వేరు. అదెంతో మీరు కట్టగలరు.

మోసం కంటె నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. విడి భాగాల ధర పెరిగేసరికి కొందరు నిండు సైకిలు కొని, విప్పి, గేరు ఒకరికి, బ్రేకులు ఒకరికి, క్రాంకులు ఒకరికి అమ్ముతున్నారు. మొత్తం సైకిలుకంటె ముక్కలకే డబ్బు ఎక్కువ వస్తుంది మరి. యాభై ఏళ్లు కలిసి తిరిగిన యంత్రం ఒక మధ్యాహ్నంలో పది పొట్లాలవుతుంది. పెద్ద ధర పలికితే పాత వస్తువులు భద్రంగా ఉంటాయని పెద్దలు అంటూ ఉంటారు. ఇక్కడ ఆ ధరే వాటిని విరుస్తోంది. ఇంకొందరు కొని హాలులో గోడకు తగిలిస్తారు. గ్రీజు గట్టిపడుతుంది, రబ్బరు పగుళ్లిస్తుంది. మెర్క్స్ రికార్డు సైకిలు బ్రస్సెల్స్‌లో ఆయన పేరుగల మెట్రో స్టేషనులో ఉంది. అది న్యాయం. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ చూస్తాడు. ఒక్కరి ఇంటి గోడ కోసం లక్షలు పోయడం నాకు నచ్చదు.

మరి మన నల్ల సైకిలు మాటేమిటి? ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పేరు మళ్లీ వస్తుందన్నాను. బర్మింగ్‌హాంలోని హెర్క్యులిస్ కంపెనీ కూడా ఆ సంస్థ చేతికే వచ్చింది. ఆ సంస్థే మురుగప్ప కుటుంబంతో కలిసి 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్‌ను స్థాపించింది. అంటే మెర్క్స్ కాలపు పందెగాళ్లు మోజుపడ్డ 531 గొట్టమూ, మన పాలవాళ్లు, పోస్టుమాన్లు తొక్కిన హెర్క్యులిస్సూ దాయాదులే. ఒకటి లక్ష పలికితే రెండోది తూకానికి పోతుంది. దానిలో పలచని గొట్టం లేదు, నిజమే. ఇరవై కిలోలుంటుంది. కాని రెండు బస్తాల ధాన్యం వేసి మట్టిరోడ్డు మీద తోసుకుపోవడానికి చేసిన సైకిలుకు 0.6 మిల్లీమీటర్ల గోడ పెట్టడం తెలివితక్కువ. దాని కొలతలు ఏళ్ల తరబడి మారలేదు. అందుకే దాని చైను, బేరింగు గుండ్లు, కాటర్ పిన్ను ఏ ఊరి కూడలిలోనైనా దొరుకుతాయి. పి.ఎక్స్.10 యజమాని ఫ్రెంచి మరల నట్టు ఒక్కదాని కోసం మూడు దేశాలు గాలిస్తాడు. దొరకనిది కనుక దానికి ధర. మన సైకిలుకు రిపేరు షాపువాడు అరగంటలో కొత్త పిన్ను కొట్టి, రెండు చుక్కల నూనె వేసి పంపిస్తాడు. దొరుకుతుంది కనుక చవక. తయారుచేసినవాడికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ గొప్ప అని నన్నడిగితే, నేను రెండోదాని వైపే చెయ్యెత్తుతాను. మీరు ఒప్పుకోకపోవచ్చు. వాదించే ముందు ఆ ఇరవై కిలోల సైకిలు సీటు కడ్డీ ఒకసారి తీసి కొలవండి. గోడ మందం ఎంతో తేలుతుంది.